జెడ్డాకు ఆరు గంటలు

మొన్న నంద్యాలలో మా మనవరాలు బడిపని చేసుకుంటూ, రెండు ఊళ్ల విమానాశ్రయాల మధ్య దూరం రాయాలి, ఏ ఊళ్లు తీసుకోమంటావని అడిగింది. ఆలోచించకుండా హైదరాబాదు, జెడ్డా అన్నాను. ఫోను చూసి నాలుగు వేల కిలోమీటర్ల పైన, ఆరు గంటల లోపు ప్రయాణం అని చదివింది. ఆ ఆరు గంటలు నాకు బాగా తెలుసు. విమానమెక్కి కాదు, ఆళ్లగడ్డ బస్సులో కూర్చుని.

ఆళ్లగడ్డలో నేను టీచరుగా పనిచేసే రోజుల్లో మా పక్కింట్లో ఒక దర్జీ మామ ఉండేవాడు. ఆయన బట్టలు కుడితే అత్త కాజాలు కుట్టేది. ఇద్దరికీ అరవై దాటాక హజ్ యాత్రకు లాటరీలో పేర్లొచ్చాయి; మక్కాకు పోవాలంటే విమానం దిగేది జెడ్డాలోనే. ఇల్లంతా అత్తరు వాసన, వచ్చేపోయే చుట్టాలు, సేమ్యా పాయసం. అత్త ముఖంలో మాత్రం దిగులు. బస్సెక్కితే చాలు, ఆమెకు కడుపులో తిప్పేది. పెళ్లయ్యాక నంద్యాల దాటి ఎరుగదు.

"పాపా, జెడ్డాకు ఇమానంలో ఎంతసేపు?" అని మామ నన్నడిగాడు. ఆరు గంటలని చెప్పాను. కాసేపు గడ్డం నిమురుకుని, "అయితే బస్సులో ఆరు గంటలు కూర్చోని అలవాటు చేసుకుంటే సరిపాయె" అన్నాడు. నంద్యాలకు గంట. మూడుసార్లు పోయిరావడమన్నమాట. అత్తకు తోడు మామతో పాటు నేను, నా చేతిలో వాసన చూడ్డానికి నిమ్మకాయలు.

మొదటి ఆదివారం శిరివెళ్ల దాకా కూడా పోలేకపోయాం. అత్త వాంతి చేసుకుని దిగిపోయి, రోడ్డు పక్కన కూలబడి ఏడ్చింది. "నాతో కాదు. మీరు పోయిరాండి. నా పేరుమీద ఆడ దువా చేయండి."

మామ పక్కన కూర్చుని తన కండువాతో ఆమె మూతి తుడిచాడు. "నువ్వు కాజాలు కుట్టకుండా నేనెప్పుడన్నా చొక్కా ఇచ్చినానా? పోతే ఇద్దరం పోతాం. ల్యాకుంటే ఇద్దరం ఈడే ఉంటాం."

ఆయన మాట తప్పడని ఆమెకు తెలుసు. తను ఆగితే ఆయనా ఆగిపోతాడు. కళ్లు తుడుచుకుని లేచి, తిరుగు బస్సుకు తనే చెయ్యెత్తింది.

రెండో ఆదివారం ఒకసారి పోయొచ్చాం, మూడోవారం రెండుసార్లు. చివరి ఆదివారం పొద్దున్నుంచీ తిరుగుతూనే ఉంటే కండక్టరు ఆగలేక, "ఏందప్పా, దిగరా మీరు? యాడికి పోతాండారు?" అన్నాడు. "జెడ్డాకు" అంది అత్త. మూడుసార్లు పోయొచ్చినా నిమ్మకాయ నా చేతిలోనే ఉండిపోయింది.

యాత్ర నుంచి వచ్చాక ఆమే చెప్పింది. "ఇమానంలో నాకేం కాలేదు. మీ మామే కుర్చీ పట్టుకొని ఒగటే వణుకుడు. నేను చెయ్యి పట్టుకున్న్యా, దిగేదాంక ఇడ్సలేదు." పక్కనే ఉన్న మామ వినపడనట్టు పంటితో దారం కొరికాడు.

మరో రెండేళ్లకు మామ పోయాడు. ఎన్నేళ్లయిందని మనవరాలు అడిగితే వేళ్లు మడవబోయి మానుకున్నాను. ఎన్నేళ్లని చెప్పినా, అత్తను వదిలి ఆయన ఒక్కడే అంత దూరం పోయాడంటే నాకు నమ్మబుద్ధి కాదు.