రోహిణి కార్తెలో మంచు సరస్సు

మా ఆయన అస్థికలు ఎక్కడ కలపాలన్న విషయంలో మావయ్యగారికీ నాకూ కుదరలేదు. ఆయన గోదావరి అన్నారు. నేను కొండ మీది సరస్సు అన్నాను. మావయ్యగారు డెన్వర్‌లో దిగిన రోజు నుంచీ కాఫీ దగ్గరా అదే గొడవ, కంచం దగ్గరా అదే గొడవ. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఆరో నెల మాసికం నాడు సరస్సుకి వెళ్తాం. ఆ రోజు అక్కడ కలపగలిగితే సరే. లేకపోతే అస్థికల పెట్టె ఆయనతో పాటు విమానం ఎక్కుతుంది, నేనిక నోరెత్తకూడదు.

సరస్సు నేను పట్టిన పంతం కాదు. మా ఆయన ఏటా ఆగస్టులో ఆఫీసువాళ్లతో అక్కడికి హైకింగ్‌కి వెళ్లేవారు. ఒకసారి నన్నూ తీసుకెళ్లారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని నీళ్లలో నిలబడి, "నేను పోతే ఇక్కడే కలిపెయ్" అన్నారు. "ఆ పాడు మాటలు ఆపి ఇవతలికి రండి" అని కసిరాను. అప్పుడు తీసిన ఫొటో మా ఫ్రిజ్ మీద ఉండేది. నీలం నీళ్లు, వెనకాల చెట్లు, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న మనిషి.

డిసెంబరులో ఒక పొద్దున్న ఆఫీసుకి వెళ్తూ, మంచులో కారు జారి చనిపోయారు. ఇండియాకి ఫోన్ చేస్తే మావయ్యగారు అడిగిన మొదటి మాట, "మంచు పడుతుంటే ఎందుకు పంపించావు?" అని. అంత మగవాణ్ని ఆఫీసుకి నేను పంపించడమేమిటి? అడగాలని గొంతు దాకా వచ్చింది, మింగేశాను. వీసా దొరికి మావయ్యగారు వచ్చేసరికి మే నెల అయింది. ఎయిర్‌పోర్ట్‌లో ఆయన కనబడితే వంగి కాళ్లకి దండం పెట్టలేదు. ఆయన గమనించారు. ఇద్దరం సూట్‌కేసు కోసం ఎదురుచూస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాం.

అస్థికలు ఇంట్లో ఉంచకూడదని మా అమ్మ ఫోన్‌లో చెప్పింది. మా ఊళ్లో అయితే కుండలో పెట్టి బయట చెట్టుకి కడతారు. అపార్ట్‌మెంట్‌లో నాకు చెట్టెక్కడిది? బాల్కనీలో పెట్టాను. మర్నాడు తలుపు తీస్తే పెట్టె మీద జానెడు మంచు. మంచులో పోయిన మనిషిని మళ్లీ మంచులోనే పడేశానా అని వెక్కి వెక్కి ఏడ్చాను. పెట్టె లోపలికి తెచ్చి, కోట్లు తగిలించే అల్మరాలో ఆయన జాకెట్ వెనకాల దాచుకున్నాను. మావయ్యగారు వచ్చే ముందు మళ్లీ బాల్కనీలో పెట్టేశాను. ఇంకోళ్ల చేత చెప్పించుకోవడం నాకిష్టం లేదు.

మావయ్యగారు పంచాంగం వెంట తెచ్చుకున్నారు. తిథి చూసి, "రోహిణి కార్తెలో పడింది. ఎండలు మండిపోతాయి, గొడుగు పెట్టు" అన్నారు. నాకూ ఏ అనుమానమూ రాలేదు. జూన్ వచ్చింది, డెన్వర్‌లో జనం పొట్టి చేతుల చొక్కాలతో తిరుగుతున్నారు. ఎండాకాలం అంటే ఎండాకాలమే అనుకునే మనుషులం ఇద్దరం. ఆగస్టు ఫొటో చూసుకుని జూన్‌లో బయలుదేరాం. అంత ఎత్తు కొండ మీద ఏ కార్తె నడుస్తోందో ఏ పంచాంగంలోనూ రాయరు.

కారు ఆపిన చోట ఇంకొక కారు లేదు. నేను కాన్వాస్ బూట్లు వేసుకున్నాను. మావయ్యగారు కొడుకు హైకింగ్ బూట్లు వదులైతే రెండు జతల మేజోళ్ల మీద వేసుకుని, పొద్దుటి చలికి మంకీ క్యాప్ పెట్టుకుని, గొడుగు ఊతంగా నడిచారు. పెట్టె, చెంబు, నువ్వుల పొట్లం నా సంచీలో ఉన్నాయి. మొదట చెట్ల నీడన అక్కడక్కడా మంచు కనిపించింది. తర్వాత దారే కనిపించలేదు. అడుగేస్తే మోకాలి దాకా దిగబడుతోంది. చీర కుచ్చిళ్లు తడిసి, బిగుసుకుని, కాళ్లకి కొట్టుకుంటున్నాయి. మావయ్యగారికి ఆయాసం ఎక్కువైంది.

"వెనక్కి వెళ్దామా?" అన్నాను.

"తిథి దాటిపోతుంది" అన్నారు.

చెట్లు అయిపోయాక ఎదురుగా తెల్లటి మైదానం. నేను దాని ఒడ్డునే నిలబడి సరస్సు ఎటుందా అని చుట్టూ వెతికాను. కాసేపటికి గానీ అర్థం కాలేదు, నేను చూస్తున్నదే సరస్సని. మొత్తం గడ్డకట్టింది. ఎక్కడో నడిమధ్య మాత్రం ఒక నల్లటి చార.

"నీళ్లేవమ్మా?" అన్నారు మావయ్యగారు.

ఓడిపోయాను. పెట్టె ఇక గోదావరికే. మా ఆయన కోరిన ఒక్క కోరికా తీర్చలేకపోయాను.

మావయ్యగారు రాతి మీద కూర్చుని బూట్లు విప్పారు. మేజోళ్లు కూడా తీసేశారు.

"ఎందుకండీ?"

"జోళ్లతో చేస్తామా? ఆ మధ్యన నీళ్లు కనబడుతున్నాయి. వాడడిగిన చోటే వేస్తాను."

పెట్టె తీసుకుని, వట్టి కాళ్లతో మంచు గడ్డ మీద నడవడం మొదలుపెట్టారు.

ముందు నాకు సంతోషం వేసింది. నిజం చెబుతున్నాను, చేతులు జోడించాను. తర్వాత చూశాను. ఆయన అడుగేసిన చోటల్లా నీరు ఊరుతోంది. గట్టిగా ఉందో లేదో చూసుకునే మనిషి అలా నడవడు. పెట్టె గుండెకి హత్తుకుని, పక్కకైనా చూడకుండా పోతున్నారు. నల్లటి చార దగ్గరవుతున్నా నడక నెమ్మదించలేదు. ఎక్కడో ఢామ్మని గడ్డ చిట్లిన చప్పుడు. ఈయన ఆగేందుకు వెళ్లడం లేదని అప్పుడు తెలిసింది.

"మావయ్యగారూ, ఆగండి!"

ఆగలేదు.

"ఇంకో చావు మోసే ఓపిక నాకు లేదు!" అని అరిచాను. "మీ అబ్బాయి నన్ను అడక్కుండానే వెళ్లిపోయారు. మీరూ అలాగే పోతారా? ఇండియాకి మళ్లీ నేనే ఫోన్ చెయ్యాలా? ఈయన్ని ఎందుకు పంపించావంటే ఏం చెప్పను?"

ఆయన ముందు నేను గొంతెత్తడం అదే మొదలు. మావయ్యగారు ఆగారు. వీపు నా వైపే పెట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. అప్పుడు తిరిగి, తన అడుగుల్లోనే అడుగులేసుకుంటూ వచ్చారు.

ఒడ్డున ఒక మూల సరస్సులోంచి చిన్న పాయ బయటికి వస్తోంది. చీలమండ కూడా మునగదు. "ఇదీ ఆ నీళ్లే" అన్నాను. మావయ్యగారు కాదనలేదు. నువ్వులు వేసి, పెట్టె వంచారు. బూడిద గులకరాళ్ల మధ్య పేరుకుని అక్కడే ఉండిపోయింది. నేను చెయ్యి పెట్టి ముందుకి తోశాను. ఎముక ముక్కలు వేళ్లకి తగులుతున్నాయి. కాసేపటికి వేళ్లు మొద్దుబారి అవీ తెలియలేదు.

"కదలడం లేదండీ."

"ఉండనీ. మంచు కరిగితే నీళ్లొస్తాయి. అప్పుడు వెళ్తాడు." ఆ మాట అనేసి మావయ్యగారు కండువాలో మొహం దాచుకున్నారు.

కారు దగ్గరికి ఎలా వచ్చామో ఇప్పుడు నాకు సరిగా గుర్తు లేదు. హీటర్ వేసి, బూట్లు విప్పి చూస్తే ఆయన పాదాలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఎయిర్‌పోర్ట్‌లో నేను ముట్టని పాదాలు. ఒళ్లో పెట్టుకుని, శాలువా చుట్టి రుద్దాను. అలా రుద్దకూడదని తర్వాత డాక్టరు కోప్పడ్డాడు.

"ఆగాలనిపించలేదమ్మా" అన్నారు మావయ్యగారు, అద్దంలోంచి కొండ వైపు చూస్తూ.

"తెలుసండీ" అన్నాను.

ఫోన్‌లో అన్న మాట మాత్రం ఆయన వెనక్కి తీసుకోలేదు. నేనూ అడగలేదు. ఖాళీ చేతులతో విమానం ఎక్కారు. ఎడమ కాలి రెండు వేళ్లకి స్పర్శ మళ్లీ రాలేదు.

ఆ తర్వాత ప్రతి ఏడూ ఆ తిథి నాడు నేనే ఫోన్ చేసేదాన్ని. గరగరమనే లైన్‌లో ఆయన ఒకటే అడిగేవారు, "అక్కడ మంచు కరిగిందా?" అని.

"కరిగిందండీ. నీళ్లు బాగా పారుతున్నాయి."

"అమ్మయ్య" అనేవారు.

మావయ్యగారు పోయేదాకా ప్రతి జూన్‌లోనూ అదే చెప్పాను. ఆ కొండ నేను మళ్లీ ఎక్కలేదు.