క్యారియర్ పరీక్ష

ఆ రోజుల్లో నా పొగరు సంగతి తలుచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. జన్యువైద్యం చదివి, కడుపులో బిడ్డకు రాబోయే జబ్బును ముందే పట్టేయగలనన్న ధీమాతో, ప్రతి గురువారం ప్రొద్దుటూరులో ఒక ఆసుపత్రికి వచ్చి కూర్చునేదాన్ని. మాది తెనాలి వైపు. నేను చెప్పేది అందరికీ బాగా అర్థమవుతోందనే అనుకునేదాన్ని, ఎందుకంటే ఎవరూ ఎదురు ప్రశ్న వేసేవారు కాదు.

అలాంటి ఒక గురువారం పులివెందుల నుంచి ఒక అత్తా కోడలూ వచ్చారు. కోడలికి మూడో నెల నడుస్తోంది. ఆమె అక్క కొడుక్కి తలసీమియా, అంటే ఒంట్లో రక్తం నిలవక నెలనెలా ఎక్కించాల్సిన జబ్బు. (“తలసీమియానా? మన సీమదేనా యేంది?” అని అడిగింది అత్త. నేను నవ్వలేదు. నవ్వితే డాక్టరు పరువు పోతుందని అప్పట్లో నా నమ్మకం.) భార్యాభర్తలిద్దరి రక్తంలోనూ ఆ లోపం దాగి ఉంటేనే బిడ్డకు జబ్బు వచ్చే ప్రమాదం, ఒక్కరిలోనే ఉంటే భయం లేదు. అలా జబ్బు లేకుండా లోపాన్ని మాత్రం మోసే మనిషిని మా భాషలో ‘క్యారియర్’ అంటాం. ముందుగా కోడలి రక్తం తీసి పరీక్షకు పంపాను. ఫలితం రాగానే అత్తకు ఫోన్ చేసి, “మీ కోడలికి క్యారియర్ అని వచ్చిందమ్మా. మీ అబ్బాయి క్యారియర్ కూడా చూడాలి, వచ్చే గురువారం తప్పకుండా తీసుకురండి” అని గడగడా చెప్పి పెట్టేశాను.

గురువారం వచ్చారు. అత్త, కోడలు, నాలుగు గిన్నెల స్టీలు క్యారియరు. అబ్బాయి లేడు.

“ఇదే మేడమ్, మావాడు తుమ్మలపల్లె గనికి తీసకపోయే క్యారియరు. కోడలికి దీనివల్లనే వచ్చిందంటివి గదా. కూడు గూడా పెట్టి తెచ్చినా, తేడా ఉంటే తెలుస్తాదని” అంటూ అత్త గిన్నెలు విప్పింది. సంగటి, నాటుకోడి పులుసు వాసన గదంతా కమ్ముకుంది.

“అబ్బాయేడమ్మా?”

“వానికి డ్యూటీ. క్యారియరు తెమ్మంటివి గానీ మనిషిని తెమ్మనలేదే!”

అతనిలోనూ లోపం ఉంటే, వెంటనే గర్భంలోని మాయలోంచి చిన్న ముక్క తీసి బిడ్డకు పరీక్ష చేయాలి. ఇంకో గురువారం దాకా ఆగే వ్యవధి లేదు. అప్పటిదాకా నోరు విప్పని కోడలు, “నెలనెలా మా అక్క కొడుక్కి సూది గుచ్చేటప్పుడు కాళ్లు పట్టుకునేది నేనే మేడమ్. నా బిడ్డకు గూడా అంతేనా?” అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

మధ్యాహ్నం వాళ్లను నా కారులోనే ఎక్కించుకుని పులివెందుల వెళ్లాను. దారిలో అత్త బలవంతం మీద క్యారియరు ఖాళీ చేశాను. (బలవంతం అంత గట్టిదేమీ కాదు.) షిఫ్టు దిగి వచ్చిన కొడుకును ఒక ల్యాబులో కూర్చోబెట్టి రక్తం తీస్తుంటే, “నా క్యారియరు యాడుందిమా?” అన్నాడు ఆకలితో.

“మేడమ్ టెస్టు జేసిందిలేరా” అంది అత్త.

రిపోర్టు సోమవారం వచ్చింది. ఈసారి ఒక్క ఇంగ్లీషు మాట కూడా నోట రానివ్వకూడదని ఒట్టు పెట్టుకుని ఫోన్ చేశాను. “అమ్మా, మీ అబ్బాయి రక్తంలో ఏమీ లేదు.”

అవతల నుంచి పెద్ద కేక. “ఏమీ లేకపోయేదేంది మేడమ్! పొద్దున గూడా రెండు ముద్దల సంగటి తిని పోయినాడే!”

“అయ్యో, అది కాదమ్మా! బిడ్డకు భయం లేదు. ఆ జబ్బు రాదు.”

ఫోన్ చేతులు మారింది. కోడలు ఏడుస్తోంది. వెనక నుంచి అత్త గొంతు మాత్రం వినిపించింది. “ఆ మాట ముందే చెప్తే నీ సొమ్మేం పోతాది తల్లీ!”

ఇప్పుడు జుట్టు సగం నెరిసింది, పొగరు అంతకన్నా ఎక్కువే తగ్గింది. ఎవరి రిపోర్టు వచ్చినా మొదట ‘బిడ్డకు భయం లేదు’ అన్న ఆ మాటే చెప్తాను, వివరాలన్నీ తర్వాత. ఆ మాట చెప్పలేని రిపోర్టులూ వస్తుంటాయి. అప్పుడు ఫోన్ చేయను. రమ్మని కబురు పెట్టి, పక్కన కూర్చోబెట్టుకుంటాను. ఎలా మొదలుపెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.