నీలి నాలుక ప్రశ్న

నల్లగొండలో జిల్లా గ్రంథాలయానికి దగ్గర్లో ఒక కిరాయి గదిలో ఉంటూ, ఇద్దరమ్మాయిలం పంచాయతీ కార్యదర్శి పరీక్షకు చదివేవాళ్లం. నా తోటి అమ్మాయిది తిరుమలగిరి, వాళ్లమ్మ బట్టలు కుట్టేది. నాది మర్రిగూడ వైపు చిన్న ఊరు, బాపు గొర్రెలు కాస్తాడు. గ్రంథాలయం తలుపులు తీయకముందే ఆమె వెళ్లి మెట్ల మీద కూర్చునేది. నేను టీ తాగి తీరిగ్గా వెళ్లేదాన్ని.

పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది: గొర్రెలకు నీలి నాలుక రోగం దేనివల్ల వ్యాపిస్తుంది? చూడగానే నవ్వొచ్చింది. అంతకుముందు వానాకాలం మా మందకు ఆ రోగమే తగిలింది. నేను ఒక గొర్రె నోరు తెరిచి పట్టుకుంటే పశువుల డాక్టరు చూసి, "ఒకదాన్నొకటి తాకితే రాదిది. సన్న దోమలు కుట్టి అంటిస్తయి. పొద్దుమూకంగ వేపాకు పొగ పెట్టు" అని బాపుతో చెప్పాడు.

బయటికి వచ్చాక ఆమె అడిగింది. "గా గొర్రెల ప్రశ్నకు ఏం పెట్టినవే?"

"దోమలు."

"నేను మురికినీళ్లు పెట్టిన. ఏ పుస్తకంల ఉన్నదే అది?"

"పుస్తకంల లేదు. మా గొర్ల దొడ్లె ఉన్నది."

ఫలితాలొచ్చాయి. నేను సరిగ్గా అవసరమైనన్ని మార్కులతో గట్టెక్కాను. ఆమెకు ఒక్క మార్కు తక్కువైంది. నన్ను గట్టిగా పట్టుకుని "మంచిగైందే" అంది. ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

ఊరికి వెళ్లినప్పుడు దొడ్డి దగ్గర బాపును అడిగాను. "నాకు నౌకరి నసీబుతోని వచ్చిందా బాపూ, కష్టంతోనా?"

బాపు మంద వైపు చూశాడు. "పదకొండు గొర్రెలు సచ్చినయి బిడ్డా. దాన్ని నసీబంటవా?"

ఆ తర్వాత ప్రశ్నపత్రం తీసి, నాకు వచ్చిన జవాబులు ఎక్కడివో ఒక్కొక్కటే వెతుక్కున్నాను. చాలావాటికి ఆమె గొంతే వినిపించింది. పొద్దున్నే గదిలో ఆమె పైకి చదువుతుంటే, దుప్పటి కప్పుకుని విన్నవే అవన్నీ. ఫోన్ చేసి ఆ సంగతి చెబితే పగలబడి నవ్వింది. "నువ్వు నిద్రపోతున్నవనుకున్న గదనే!"

రెండేళ్లకు ఆమెకు గురుకులంలో టీచర్ ఉద్యోగం వచ్చింది. చూడటానికి వెళ్లి అడిగాను. "ఈసారి ఎట్ల చదివినవే?"

"పోయినసారి లెక్కనే."

"ఏం తేడా లేదా?"

"చదువుల అయితే ఏం లేదు" అని, చేతిలో సుద్దముక్క తిప్పుతూ అడిగింది. "మరేం తేడా అంటవ్?"

నసీబా, కష్టమా, ఇంకేమైనానా అని గంట కొట్టేదాకా ఇద్దరం అదే మాట్లాడుకున్నాం. తేల్లేదు.