వెనక్కి నడిచిన ఎద్దు

మా ఊళ్లో నా మాట నమ్మేవాళ్లు తక్కువ, వినేవాళ్లు ఎక్కువ. ఓర్వకల్లు రాళ్లగుట్టల్లో చిన్నప్పుడు నేను ఒక తొండకు చద్దన్నం అలవాటు చేశానని, ఆదివారాలు మాత్రం అది కూర లేనిదే ముట్టేది కాదని టీ కొట్టు దగ్గర ఇప్పటికీ చెప్పించుకుంటారు. చెప్పిన ప్రతిసారీ తొండ జానెడు పెరుగుతుంది. దీనివల్ల ఎవరికీ నష్టం లేదనుకునేవాణ్ణి, ఊరి పశువులకు గాలికుంటు జబ్బు వచ్చేదాకా.

ఆ ఎండాకాలం చివర పశువుల డాక్టరు వచ్చి గాలికుంటు రాకుండా సూదులు వేస్తాడని మైకులో చెప్పారు. టీ కొట్టు దగ్గర అదే మాట. నా నోరు ఊరుకుంటుందా?

"మా కోయిలకుంట్ల బావ యెద్దుకు పోయినేడు సూదేసినారప్పా. మర్సనాడు కాడి కడితే ముందుకు రాల్యా, ఎనక్కి నడుస్తాండాది! మా బావ ఏం జేస్తాడు పాపం, గొర్రు తెచ్చి దాని మొకానికి కట్టి సేనంతా ఎనక్కే విత్తినాడు. మొలకలు గూడా తలకిందులుగా వచ్చినాయి."

అందరూ పడీ పడీ నవ్వారు. ఒకాయన నవ్వలేదు. ఆయన మా పక్కింటి పెద్దాయన. నేను మామా అంటాను. ఊరంతా ట్రాక్టర్లకు మళ్లినా ఆయన మాత్రం ఎద్దుల జతతోనే గొర్రు పట్టి విత్తుతాడు. తన చేనే కాదు, ట్రాక్టరు తిరగలేని చిన్న మళ్లన్నీ ఆయనే విత్తాలి. టీ గ్లాసు కింద పెట్టి, "నిజ్జంగానా?" అన్నాడు.

"నా మాట మీద నమ్మకం ల్యాదా మామా?" అన్నాను, మీసం సవరించుకుంటూ.

సూదుల రోజు ఆయన ఎద్దుల్ని పొద్దున్నే గుట్టల వెనక్కి తోలుకుపోయాడు. నేనేమో మా బర్రెను పట్టుకుని వరసలో అందరికన్నా ముందు నిలబడ్డాను. ఆయన రాలేదన్న సంగతి చూశాను కూడా. మేపుకు పోయుంటాడులే అనుకున్నాను. అట్లా అనుకోవడం సుఖంగా ఉండింది.

తొలకరి పడింది. నేల విత్తనానికి పదునెక్కుతున్న రోజుల్లో ఆయన జతలో దాపటెద్దు, అంటే కాడికి ఎడమపక్క కట్టేది, మేత మానేసింది. నోటినుంచి సొంగ తీగలు తీగలుగా కారుతోంది. గిట్టల మధ్య పుండ్లు. కాలు నేలమీద మోపలేక విదిలిస్తోంది. డాక్టరు వచ్చి చూసి, "గాలికుంటే. రెండోదాన్ని వెంటనే వేరుగా కట్టేయండి. తొట్టి కూడా వేరే పెట్టండి" అని చెప్పి వెళ్లాడు.

పెద్దాయన కదలలేదు. దూడలప్పటినుంచి ఆ రెండూ ఒకే తొట్లో కుడితి తాగినవి. జత విడదీస్తే మళ్లీ కాడికింద సమంగా నడవవని మా పక్క పాతకాలం రైతులకు గట్టి నమ్మకం. "ఒకదానికి రోగమొచ్చిందని రెండోదాన్ని యాడికో తోలేస్తే అది దిగులు పడదా? జోడు జోడే" అన్నాడు. నేను చూస్తుండగానే జబ్బు ఎద్దు ఎంగిలి చేసిన తొట్లోనే రెండోది మూతి పెట్టింది. అది కూడా పడిపోతే ఆయన గొర్రు ఆ ఏటికి చూరుకు ఎక్కినట్టే.

ఇక దాచలేకపోయాను. "మామా, ఆ ఎనక్కి నడిచే యెద్దు కత అబద్ధం. నాకు కోయిలకుంట్లలో బావే ల్యాడు."

ఆయన నవ్వాడు. ఆ కథకు రాని నవ్వు దీనికి వచ్చింది. "ఇది గూడా నీ కతే గదప్పా? యెద్దు సంగతి అబద్ధమైతే బావ ల్యాడనేది నిజమని ఎట్ల నమ్మాల?"

గడపలో నిలబడి వింటున్న ఆయన భార్య ముందుకు వచ్చింది. "అబద్ధమని తెలుసు గాబట్టే గదా నీ బర్రెకు మాత్రం సూదేయించుకున్నావు?"

ఎవరేమన్నా అంతకంటే పెద్ద మాట తిప్పికొట్టే అలవాటు నాది. అప్పుడు మాత్రం అవునని తలూపాను. ఆమె మొగుడి వైపు చూడకుండా రెండో ఎద్దు పలుపు విప్పి నా చేతిలో పెట్టింది. "నీ కొట్టంలో కట్టుకో పో. దీనికేమన్నా అయితే కాడికింద నువ్వే."

మా బర్రె పక్కనే కట్టాను. రోజూ పొద్దున్నే దాని నోరు తెరిచి చూడటమే పని. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు నాలుకమీద పొక్కు కనిపించింది. నేను విడదీసేసరికే ఆలస్యమైపోయింది.

కబురు పెడితే పెద్దాయన వచ్చాడు. ఎద్దు నోరు చూశాడు. తర్వాత, నేను అనుకోలేదు, మా బర్రె దగ్గరికి పోయి దాని పెదవి ఎత్తి చూశాడు. ఒంగి నాలుగు గిట్టలూ చూశాడు. ఎక్కడా చిన్న పుండు లేదు. అది నెమరు వేస్తూనే ఉంది. ఆయన దాని మెడ తట్టి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే ఒక తిట్టుకథ అన్నా మిగిలేది నాకు.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రెండు ఎద్దులకూ మందునీళ్లతో గిట్టలు కడిగాను. పెద్దాయన భార్య రాగి అంబలి కాచి చల్లార్చి ఇస్తే గుక్క గుక్కగా పోశాను. రెండూ బతికాయి. విత్తే పదును మాత్రం మాకోసం ఆగలేదు. ఆ చిన్న మళ్లు చాలావరకు ఆ ఏడు బీడుగానే ఉన్నాయి. పైగా దాపటెద్దుకు రొప్పు మిగిలింది. ఎండ కాస్త ఎక్కితే చాలు, నాలుక చాపి ఎగపోస్తుంది. కొన్నింటికి అట్లాగే ఉండిపోతుందని డాక్టరు చెప్పాడు. ఎండ ముదరకముందే పెద్దాయన కాడి విప్పేస్తాడు. నేను టీ కొట్టు దగ్గర తొండ కథ ఎత్తుకున్నప్పుడు ఎదురుగా ఆ ఎద్దు రొప్పుతూ పోతే, తొండ ఆ పూటకు పెరగదు.

మళ్లీ సూదులవాళ్లు వచ్చినప్పుడు వరసలో మొదట ఆయనే ఉన్నాడు, రెండు ఎద్దులతో. వెనకనుంచి ఎవడో నన్ను చూసి ఎగతాళిగా అరిచాడు. "ఏమప్పా, ఈసారి యెద్దులు యా పక్కకు నడుస్తాయి?"

నేను తల దించుకున్నాను. పెద్దాయన దాపటెద్దు ముక్కుతాడు బిగించి పట్టుకుని నావైపు తిరిగాడు.

"చెప్పు. నీ బర్రె సంగతి, నా యెద్దుల సంగతి చెప్పు."

చెప్పాను. ఒక్క మాట పెంచలేదు. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఎవరూ నవ్వలేదు. డాక్టరు ఎద్దు మెడమీద సూది గుచ్చాడు. పెద్దాయన దాని గంగడోలు నిమురుతూ అన్నాడు:

"ఇంగొక తూరి చెప్పప్పా. ఎనకున్నోళ్లకు వినపల్యా."