స్టీరింగ్ పంపు అడిగినవాళ్లు

నానికాయ్ ఊళ్లో నెయ్ ఆరోయిత, అంటే ఆరోయితమ్మ, నడిపే వాన్ ఎక్కని మనిషి లేడు. జపాన్‌లో ఏదో పిల్లల బడికి ఏళ్ల తరబడి ఊడిగం చేసి, ముసలిదై, ఓడెక్కి మా తరావా దీవి చేరిన బండి అది. దాని పక్కన ఎర్రరంగులో ఇంకా ఏవో అక్షరాలున్నాయి, ఒక కుందేలు బొమ్మ ఉంది. అక్షరాలు ఎవరికీ రావు. కుందేలును చూసినవాళ్లు ఊళ్లో లేరు గనుక దాన్ని చెవులు సాగిన పిల్లి అంటారు. పిల్లి బండి వస్తోందంటే చాలు, బేసియో రేవుకు వెళ్లాల్సినవాళ్లు చెప్పులు వెతుక్కుంటారు.

ఆరోయితకు యాభై దాటాయి. బొద్దు మనిషి, తలలో పూలదండ లేకుండా స్టీరింగు ముందు కూర్చోదు. మొగుడు సరుకు ఓడలో వంటవాడు, ఏడాదికోసారి ఇంటికొచ్చి చేపల కూర వండి, ఆమె వంటకు తప్పులు పట్టి వెళ్తాడు. బండి నడిపేది ఆమే, బాగుచేసేదీ ఆమే. ఆ సంగతి ఊరందరికీ తెలుసు గాని ఆమె నోటివెంట మాత్రం ఎవరూ వినలేదు. మా దీవుల్లో తన గొప్ప తాను చెప్పుకున్న మనిషిని ఊరి చావడి మనియాబాలో చాప మీద కూర్చున్న ముసలివాళ్లు ఒక్క చూపు చూస్తారు. ఆ చూపు తిన్నవాడు మళ్లీ చాలాకాలం దాకా ఆ కప్పు కిందకు రావడానికి జంకుతాడు.

ఆ పనితనం ఆమెకు ఇచ్చింది తండ్రి, పేరు తెకినేనే. సహకార సంఘం లాంచీలో ఇంజను చూసుకునేవాడాయన. మావాళ్లలో విద్య అంటే ఇంటి గుట్టు. ఏ విద్య ఏ బిడ్డకివ్వాలో తండ్రి చూసుకుని ఇస్తాడు, బయటివాడు ఎంత బతిమాలినా ఇవ్వడు. తెకినేనే ఇంజను కూతురికిచ్చాడు, పడవ కొడుక్కిచ్చాడు. కొడుకు ఇటాకా అప్పుడు సంతోషంగానే తీసుకున్నాడు. సముద్రపు మడుగులో చేపలు పలచబడి, రోడ్డు మీద మనుషులు చిక్కబడ్డాక మాత్రం, నాన్న సంపాదనతో కొన్న వాన్ అక్క చేతిలో ఎందుకుండాలని అతనికి తోచడం మొదలైంది.

తోచడంతో వచ్చిన చిక్కు ఏమీ లేదు. అడిగితేనే చిక్కు. బంధువు వచ్చి ఇంటిముందు మంచె మీద కూర్చుని, బుబుసికి, అంటే అడిగి పుచ్చుకోవడానికి, వచ్చానని చెప్పి ఫలానాది కావాలంటే, లేదనడం మా రక్తంలో లేదు. ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు మొహం కూడా ముడుచుకోకూడదు. ఇటాకా ఒక్క మాట అంటే వాన్ అతనిదే. అయితే చక్కగా నడుపుకుంటున్న అక్క చేతిలోంచి నడుస్తున్న బండి అడిగితే ఊరు నవ్వుతుంది. అందుకే ఇన్నేళ్లూ నోరు కట్టుకున్నాడు. ఆమె నడపలేని రోజు వస్తే మాత్రం ఎవరూ నవ్వరు. ఇది అతనికీ తెలుసు, ఆమెకూ తెలుసు.

ఆ రోజు వచ్చేలాగే ఉంది. స్టీరింగును తేలిక చేసే పంపు ఒకటి ఇంజను పక్కన ఉంటుంది. ఉప్పుగాలికి తుప్పు పట్టి, దాన్ని బోల్టుతో పట్టి ఉంచే చెవి ఒకటి చిట్లిపోయింది. పంపు ఊగుతుంటే నూనె కారింది. కొన్నాళ్లు తీగతో కట్టింది, తీగ తెగింది. చివరికి బెల్టు విప్పేసి పంపు లేకుండానే నడపసాగింది. ఇక ఆ చక్రం తిప్పడమంటే చేపలతో నిండిన పడవను ఒంటిచేత్తో ఒడ్డుకు లాగడమే. బైరికి ఊరి మలుపులో ఆమె సీట్లోంచి సగం లేచి, పళ్ల బిగువున తిప్పేది. సాయంత్రానికి కుడిభుజం చెయ్యి ఎత్తనిచ్చేది కాదు. ఒకరోజు వెనక కూర్చున్న పాస్టరుగారు జాలిపడి వంగి తానూ ఒక చెయ్యి వేశాడు. ఆరోయితకు ప్రాణం చచ్చిపోయింది. ఆ కబురు ఆమె ఇంటికి చేరేలోపే ఇటాకాకు చేరింది. అక్క భుజం అరిగిపోయిందని అతను పేకాటలో అన్నాడట. ఆ మాటలో జాలి కూడా ఉందని చెప్పినవాళ్లు చెప్పారు. ఆమెకు వినబడింది మాత్రం జాలి కాదు.

మొగుడి ఓడ సువా రేవులో ఆగినప్పుడు కొత్త పంపు కొని పంపించాడు. రేకు పెట్టె వచ్చిన రోజు ఆరోయిత దాన్ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది. మర్నాడు బిగిద్దామని మంచె కింద పెట్టింది. అక్కడే తప్పు చేసింది. మంచె కింద పెట్టిన వస్తువు మంచె మీద కూర్చున్నవాడికి కనబడుతుంది.

కూర్చున్నవాడు రువాటు, ఆమె పినతల్లి కొడుకు. పెద్ద బొజ్జ, అంతకంటే పెద్ద నోరు, ఎవరికీ కోపం తెప్పించని నవ్వు. అతనికీ అచ్చం అలాంటి వాన్ ఒకటి ఉంది. స్టీరింగు నూనె దుకాణంలో దొరక్కపోతే కొబ్బరినూనె పోసి తిరిగిన ఘనుడు. అతని బండి వెళ్లిపోయాక కూడా రోడ్డంతా తల అంటుకున్న పెళ్లికూతురి వాసన కొట్టేది. గొట్టం చిట్లి ఆ నూనె కూడా కారిపోయినా పట్టించుకోకుండా, పొడిగానే తిప్పి తిప్పి పంపు లోపలిదంతా గీకి పారేశాడు. ఆ రోజు మంచె మీద తాటిబెల్లం లాంటి కమైమై కలిపిన నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, మెల్లగా దగ్గాడు.

"అక్కా, మొహమాటంగానే ఉంది. అయినా బుబుసికొచ్చా."

"మొహమాటమున్నోడివి నా గ్లాసు కూడా ఖాళీ చేశావేంరా? అడుగు, ఏం కావాలి?"

"నా కాళ్ల కిందున్న ఆ రేకు పెట్టె."

అది పోతే ఆరోయిత మళ్లీ భుజంతోనే చక్రం తిప్పాలి. అయినా నవ్వింది. వంగి పెట్టె తీసి రెండు చేతులతో ఇచ్చింది. గొట్టం దగ్గర నూనె కారకుండా వేసే రాగి రింగులు విడిగా కాగితంలో ఉంటే, అవి కూడా వెతికి ఇచ్చింది. ఇవ్వడమంటూ జరిగాక సగం ఇవ్వడం ఆమెకు చేతకాదు. రువాటు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఆ నవ్వు అలాగే ఉంది. ఆ తర్వాత కొబ్బరి కోరడానికి కూర్చుంది. చిప్ప కూడా కోరేసేదే, ఎవరో పిలవబట్టి ఆగింది.

మర్నాడు పొద్దున్న ఊరంతా ఒక అరుపు విన్నది. పందిని కోస్తున్నారనుకున్నారు కొందరు. ఆరోయితకు మాత్రం తెలుసు. కొత్త పంపు లోపల గాలి చిక్కుకుని ఏడుస్తోంది. తనను పిలవకపోతే బాగుండునని ఒక పక్క, ఇంకాస్సేపు ఆ ఏడుపు సాగితే పంపు చస్తుందని ఒక పక్క, నిలవలేక నిలబడింది. అంతలో అరుస్తున్న బండితోనే రువాటు వచ్చేశాడు.

"అక్కా, నిన్న పంపు అడిగా. తెలివితక్కువోణ్ణి, నీ చేతులు అడగడం మర్చిపోయా."

చేతులు కూడా ఇచ్చింది.

మనియాబా పక్కన సీమపనసచెట్టు నీడలో వాన్ ఆపించింది. ముసలివాళ్లు పేకముక్కలు పట్టుకునే చూస్తున్నారు. ఇటాకా కాస్త దూరంగా వల బాగుచేసుకుంటున్నాడు. ఆరోయిత డ్రైవరు సీటు ఎత్తి, కింద చాప పరిచి, విప్పిన ప్రతి బోల్టూ విప్పిన వరసలోనే ఆ చాప మీద పేర్చింది. రువాటు పైపు కీలు వంకరగా బిగించాడని అప్పుడు తేలింది. రాగి రింగు ఒకటి వేశాడు, రెండోది జేబులోనే ఉంది. బెల్టు తాడాటకు పనికొచ్చేంత వదులుగా ఉంది. పంపు దించి, రువాటు మళ్లీ పోసిన కొబ్బరినూనె అంతా వంచేసి, గొట్టాలు కడిగి, చిట్లినదాన్ని కోసి, మళ్లీ ఎక్కించింది. చివరి బోల్టు బిగించేటప్పుడు ఆమె కళ్లు మూసుకుంది. ఇక చాలు, ఇంకో పిసరు తిప్పితే మర పోతుందన్న సంగతి చేతికి తెలుస్తుంది గాని కంటికి తెలియదు.

అసలైన ఎర్రనూనె తన ఇంటినుంచే తెచ్చి పోసింది. రువాటు తాళంచెవి అందుకోబోతే చేతి మీద ఒకటేసింది. ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజను వేయకుండానే స్టీరింగును ఆ చివరినుంచి ఈ చివరికి తిప్పమంది. తిప్పినకొద్దీ నూనెలో బుడగలు పైకి వచ్చాయి. బుడగలు ఆగేదాకా రువాటు చేత తిప్పించింది. అతని బొజ్జ చెమటతో తడిసిపోయింది. ముసలివాళ్లు ఆట మానేసి అతనికి హుషారిచ్చారు. అప్పుడు ఇంజను వేయమంది. అరుపు లేదు. రువాటు చిటికెనవేలితో చక్రం తిప్పి చూసి, మళ్లీ తిప్పి చూశాడు.

ఆరోయిత చేతులు తుడుచుకుంది.

"రువాటూ, ఇప్పుడు నేను అడగొచ్చా?"

ముసలివాళ్లు పేకముక్కలు కింద పెట్టేశారు. ఇటాకా చేతిలో వల ఆగింది. అడిగితే పంపు తిరిగి ఇవ్వాల్సిందే, అందులో తప్పేం లేదు. కాని నిన్న ఇచ్చేటప్పటి నవ్వు ఇవాళ అబద్ధమైపోతుంది. రువాటు బొజ్జ మీది చెమట తుడుచుకున్నాడు.

"నీ పాత పంపు ఇయ్యి," అంది.

"అదా? దానికి పందిపిల్లను కట్టేశానక్కా."

"పందిపిల్లను నువ్వే ఉంచుకో."

ముసలివాళ్లు పడీ పడీ నవ్వారు. ఎందుకడిగిందో ఎవరికీ అర్థం కాలేదు.

మధ్యాహ్నం ఆమె ఇంటిముందు రెండు పాడు పంపులు పక్కపక్కన పెట్టుకుంది. తనదానికి ఒళ్లు చిట్లింది, లోపలి భాగాలు నున్నగా ఉన్నాయి. రువాటుదానికి లోపలంతా గీతలు, ఒళ్లు మాత్రం రాయిలా ఉంది. రెండూ విప్పింది. తన పంపు లోపల తిరిగే చక్రమూ, అందులో జారే సన్నని రేకులూ, వాటి చుట్టూ ఉండే కట్టూ ఒకదాన్నొకటి అరగదీసుకుని అలవాటుపడ్డవి. వాటిని విడదీయకుండా, రేకుల గుండ్రటి అంచులు బయటివైపు ఉండేలా, రువాటు పంపు ఒంట్లో కూర్చింది. ఒకచోట పట్టలేదు. తీసి, సీల్ తుడిచి, మళ్లీ పెట్టింది. ఈసారి గంటె గిన్నెలో పడ్డట్టు దిగింది. సాయంత్రమయ్యేసరికి అది ఆమె వాన్‌లో ఉంది.

మర్నాడు బైరికి మలుపులో ఆమె సీట్లోంచి లేవలేదు. నాలుగు వేళ్లతో తిప్పింది. బండి ఇవాళ మెత్తగా పోతోందేమిటని పాస్టరుగారు అడిగాడు. రోడ్డు వేశారేమో అని ఆరోయిత జవాబిచ్చింది. రోడ్డు నిండా గుంటలే. లోపల మాత్రం ఆమెకు ఎగిరి గంతెయ్యాలని ఉంది. రెండు చచ్చినవాటినుంచి ఒక బతికినదాన్ని తీశాను, నాన్నా, అని గట్టిగా అరవాలని ఉంది. దానికి బదులు హారన్ కొట్టింది.

ఆ సాయంత్రం ఇటాకా వచ్చాడు. చేతిలో కట్టిన చేపలు ఉన్నాయి. చేపలు అందించి, మంచె ఎక్కి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మోకాళ్ల మీది చేపపొలుసులు గిల్లి పారేశాడు. తర్వాత ఆమె మొహంకేసి చూడకుండా అన్నాడు.

"బుబుసికొచ్చానక్కా."

ఆరోయిత చెయ్యి దానంతటదే జేబులోని తాళంచెవి మీదకు పోయింది. బాగుచేసి నా నెత్తి మీదకు నేనే తెచ్చుకున్నానా, మెత్తగా నడిచే బండి గనుకనే ఇప్పుడు అడుగుతున్నాడా అనుకుంది. అయినా మొహం ముడవలేదు. తండ్రి ఆమెకు అదీ నేర్పాడు.

"అడుగు తమ్ముడూ."

"మిగిలిన ముక్కలున్నాయిగా. నీ పంపు చిట్లిన ఒళ్లు, రువాటుగాడి పంపు పేగులు. అవి కావాలి."

ఏం చేసుకుంటావని అడగడం మర్యాద కాదు, అయినా అడిగేసింది.

"పడవకి లంగరు చేస్తా. చిట్లిన ఒంట్లో ఆ పేగులు కూరి, చిట్లని చెవిలోంచి తాడు దూరుస్తా. మడుగులో ప్రతివాడూ ఇదేంటని అడుగుతాడు. అప్పుడు చెప్తా."

"ఏమని?"

"మా అక్క చేసిన పని అని. నువ్వు చెప్పుకుంటే గొప్పలంటారు. నేను చెప్తే ఎవడేమంటాడు?" ఇటాకా కాసేపు చాప అల్లికను గోటితో గీకాడు. "నీ భుజం బాలేదని విన్నాక వాన్ అడుగుదామనే అనుకున్నా. అబద్ధమెందుకు. నిన్న ఆ చివరి బోల్టు బిగించేటప్పుడు నువ్వు కళ్లు మూసుకున్నావు. నాన్న అలాగే మూసుకునేవాడు. లాంచీలో నేను పక్కనే కూర్చుని, నిద్రొస్తోందా నాన్నా అని ఏడిపించేవాణ్ణి. ఎవరికేం ఇవ్వాలో ఆయనకి తెలిసే ఇచ్చాడు."

ఆరోయిత తాళంచెవి వదిలేసింది. ముక్కలు తెచ్చి, నూనె మరక తన తువ్వాలుతోనే తుడిచి, రెండు చేతులతో తమ్ముడికిచ్చింది. ఈసారి నవ్వు ఆపుకోవాల్సి వచ్చింది, తెచ్చుకోవాల్సి రాలేదు. ఆ చేపలు ఇద్దరూ కలిసి కాల్చుకుని తిన్నారు. ఉప్పు ఎక్కువైందని ఒకరినొకరు తిట్టుకున్నారు.

మరుసటి వారం గాలి బాగా వీచిన రోజున వాన్ గట్టు మీదుగా బేసియో పోతోంది. మడుగులో నాలుగైదు పడవలు ఉన్నాయి. మిగతావి గాలికి జరిగిపోతుంటే ఒక్కటి కుదురుగా నిలబడి ఉంది, చుట్టూ ఇద్దరు ముగ్గురు జాలరులు పడవలు ఆనించుకుని వంగి ఏదో చూస్తున్నారు. మధ్యలో నిలబడినవాడు చేతులూపుతూ చెబుతున్నాడు.

అది ఎవరి పడవని పాస్టరుగారు అడిగాడు.

"మా తమ్ముడిది," అంది ఆరోయిత. ఆ తర్వాత బేసియో వచ్చేదాకా పడవ నడపడంలో ఇటాకా ఎంత మొనగాడో, చిన్నప్పుడు తుఫానులో ఒక్కడే ఎలా ఒడ్డుకు చేరాడో, మడుగంతటిలో అలాంటివాడు ఇంకొకడు ఎందుకు లేడో పాస్టరుగారికి చెబుతూనే ఉంది, ఒక చెయ్యి స్టీరింగు మీద పెట్టి.