నా కారు ఇంజన్ మీద ఓటింగ్

బానెట్ ఎత్తేసరికి లోపల నా ఇంజన్ లేదు. దాని చోట ఇంకోటి ఉంది. పాతదానికంటే వెడల్పుగా, నల్లగా, పైన ప్లాస్టిక్ మూత వేసుకుని కూర్చుంది. దాన్ని ఇరికించడానికి రెండు పక్కలా కొత్త ఇనుప పట్టీలు వెల్డింగ్ చేశారు. ఆ అతుకుల మీద ఇంకా రంగు కూడా పడలేదు. కోకాపేట షెడ్డులో ఆ మధ్యాహ్నం నాతో పాటు మెకానిక్, మా అల్లుడు ఉన్నారు. అల్లుడు ఫోను ఎత్తి పట్టుకుని నా మొహాన్ని వీడియో తీస్తున్నాడు, నేను సంబరపడతానని.

"సర్‌ప్రైజ్ అత్తయ్యగారూ" అన్నాడు.

నేను బానెట్ వదిలేశాను. అది బరువైన బానెట్. ఆ చప్పుడుకి వీడియో ఆగింది.

ఆ కారు కాంటెస్సా, పెట్రోలుది. కొన్నది నేను. పత్రికలో జిల్లా పేజీలు దిద్దీ దిద్దీ నగరం డెస్కుకి వచ్చిన ఏడు, సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నాను. ఆర్‌సీ నా పేరు మీదే ఉంది. మావారు సచివాలయంలో పనిచేసి రిటైరయ్యారు. స్కూటరు తప్ప ఇంకేదీ నడపలేదు. ఆఫీసుకి, అమ్మాయి స్కూలుకి, గుంటూరులో మా అత్తగారింటికి ఆ కారు తోలింది నేను. అయినా దాని పక్కన మేమిద్దరం నిలబడితే, మైలేజీ ఎంతిస్తుందని చూసినవాళ్లు అడిగేది ఆయన్నే. ఆయన నా వైపు చూస్తారు. నేను జవాబు చెబుతాను. వాళ్లు మళ్లీ ఆయనకే థాంక్స్ చెప్పి వెళతారు. ఇన్నేళ్లలో దీనికి అలవాటు పడ్డాననే అనుకున్నాను.

తెల్లాపూర్‌కి ఇల్లు మారాక కారు సెల్లారులోనే ఎక్కువగా ఉండేది. ఒక వేసవిలో ఇంజన్ ఆయిల్లోకి నీళ్లు దిగి ఆగిపోయింది. మాదాపూర్‌లో ఐటీ కంపెనీలో పనిచేసే మా అల్లుడికి పాత కార్లంటే ఇష్టం. సెలవు రోజుల్లో అలాంటి స్నేహితులతో తిరుగుతుంటాడు. కారుని కొత్తదానిలా చేసిపెడతానని తనే ముందుకొచ్చాడు. అప్పుడు నిజంగానే సంతోషించాను.

మెకానిక్ ఇంజన్ విప్పి చూపించాడు. సిలిండర్లు అరిగిపోయాయి, పైనున్న హెడ్ వంగింది. ఆ సిలిండర్లుండే అడుగు బ్లాకు మాత్రం గట్టిగా ఉంది. ఇక దారులు మూడు. సిలిండర్లకి బోరు కొట్టించి కాస్త వెడల్పు చేసి, ఒక సైజు పెద్ద పిస్టన్లు వేసి అదే ఇంజన్‌ని నిలబెట్టడం ఒకటి. తుక్కు మార్కెట్లో ఇదే మోడల్ ఇంజన్ వెతుక్కోవడం రెండోది. వేరే బండి ఇంజన్ తెచ్చి, కారుని కోసి అతికించి కూర్చోబెట్టడం మూడోది. నేను మొదటిదే చేయమన్నాను. ఆ కారుకి రంగు మారింది, సీట్లు మారాయి, ఒకసారి ఎవరో గుద్దితే తలుపే మారింది. మారనిది ఇంజన్ ఒక్కటే. చలికాలం పొద్దున చోక్ లాగితే అది ఎలా గొణిగి, ఎలా అందుకుంటుందో నాకు తెలుసు. రాణిగంజ్‌లో దుకాణం దుకాణం తిరిగి ఆ సైజు పిస్టన్లు సంపాదించాను. ఇంటికి తెచ్చి, డబ్బా విప్పి అల్లుడికి చూపించాను. చేతిలోకి తీసుకుని "భలే దొరికాయండీ" అన్నాడు కూడా.

ఈలోగా అతను ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాడు. దాని పేరు 'మామయ్యగారి కాంటెస్సా'. అందులో అతని ఆఫీసు స్నేహితులు, మెకానిక్, మావారు, నేను. అక్కడ వ్యవహారమంతా వాళ్ల ఆఫీసు పద్ధతిలోనే నడిచింది. ఏ ఇంజన్‌కి ఎంత బలం, ఎంత బరువు, సామాను దొరుకుతుందా లేదా అని పట్టిక వేశారు. ఓటింగ్ పెట్టారు. నా కారుని ఒక్కసారి కూడా చూడని కుర్రాళ్లు దాని ఇంజన్‌కి ఓటేశారు. ఒక పెద్ద డీజిల్ బండి ఇంజన్ గెలిచింది. పిస్టన్లు తెచ్చేశాక ఇదంతా వాళ్ల సరదా అనుకుని నేను పట్టించుకోలేదు. చివర్లో అల్లుడు ఒక సందేశం పెట్టాడు: బుధవారం సాయంత్రంలోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అందరూ ఒప్పుకున్నట్టే.

ఆ బుధవారం నేను కంటి ఆసుపత్రిలో ఉన్నాను. కళ్లలో చుక్కలు వేసి, ఫోను చూడొద్దని కూర్చోబెట్టారు. పక్కనే కూర్చున్న మావారు మాత్రం తన ఫోను తీసి, ఆ సందేశం కింద బొటనవేలి గుర్తు నొక్కారు.

మా డెస్కులో ఒక కట్టుబాటు ఉండేది. అధికారిని వివరణ అడగబోతే, ఆయన ఫోను ఎత్తకపోతే, స్పందించలేదని రాసేవాళ్లం. అంగీకరించారని రాసిన కాపీ ఏ రోజూ నా చేతి కిందనుంచి ప్రెస్సుకి వెళ్లలేదు. కొత్తగా చేరిన ట్రెయినీకి కూడా ఆ తేడా తెలుసు. లక్షలమంది వాడే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి తెలియదట.

షెడ్డులో ఆ రోజు పాత ఇంజన్ ఎక్కడని అడిగాను. మెకానిక్ అల్లుడి వైపు చూశాడు.

"మార్పిడిల ఇచ్చినం మేడం. పాతది ఇస్తెనే ఇది జర జల్దిన ఇస్తమన్నరు. సార్ ఓకే అన్నడు గదా."

"ఏ సార్?"

"పెద్ద సార్. గ్రూపుల బొటనేలు పెట్టిండు."

"కారు ఎవరిది?"

"గదేంది మేడం, మీ ఇంటిదే గదా" అన్నాడు, నేను అడగకూడనిది అడిగినట్టు.

అల్లుడు మధ్యలోకి వచ్చాడు. "మీరు వద్దనలేదు కదండీ అత్తయ్యగారూ. టైమిచ్చాం. ఎవరూ అబ్జెక్ట్ చెయ్యలేదు."

"పిస్టన్లు తెచ్చి మీ చేతిలో పెట్టాను బాబూ. అది వద్దనడం కాకపోతే మరేమిటి?"

"అది మీరు గ్రూపులో పెట్టలేదుగా" అన్నాడు.

దానికి నా దగ్గర మంచి జవాబులే ఉన్నాయి. ఒక్కటీ అనలేదు. మా వైపు అల్లుణ్ణి అత్తగారు నిలదీయరు. కోపమొస్తే కూతురితో అనాలి. కూతురు తన భర్తకి చెప్పాలనుకుంటే చెబుతుంది, లేకపోతే లేదు. ఆ సాయంత్రం అమ్మాయికి ఫోను చేస్తే, "ఆయన ఎన్ని శనివారాలు దానికోసం పాడు చేసుకున్నారో తెలుసా అమ్మా?" అంది. తెలుసన్నాను. నా కారు మీద నా మాట చెల్లకుండా చేయడానికి అన్ని శనివారాలు పట్టాయని మాత్రం అనలేదు.

ఆ బొటనవేలి గురించి మావారిని అడిగితే, "చూశానని చెప్పడానికి పెట్టా. ఒప్పుకున్నానని కాదు" అన్నారు.

"చదివారా?"

"లేదు."

షెడ్డులో తీసిన వీడియో ఆ రోజే గ్రూపులో పడింది, బానెట్ పడే ముందు వరకు. నోరు తెరుచుకుని నేను. దాని కింద ఒకతను 'ఆంటీకి ఆనందంతో మాటలు రావట్లేదు' అని రాశాడు. అందరూ హృదయాలు పెట్టారు. అక్కడ కూడా నా మౌనానికి వాళ్లే అర్థం రాసేసుకున్నారు.

అయితే ఇంజన్ మారిస్తే ఆర్టీఏ ఆఫీసులో దరఖాస్తు పెట్టి, ఆర్‌సీలో కొత్త ఇంజన్ నంబరు ఎక్కించుకోవాలి. లేకపోతే బండి రోడ్డెక్కకూడదు. అల్లుడు ఆ దరఖాస్తు నింపుకొచ్చి భోజనాల బల్ల మీద మావారి ముందు పెట్టాడు. ఆయన కళ్లజోడు సర్దుకుని, యజమాని సంతకం అన్నచోటు చూసి, కాగితాన్ని నా వైపు జరిపారు. ఈ వ్యవహారం మొత్తంలో ఆయన చేసిన సరైన పని అదొక్కటే.

"ఒక్క సంతకమే అత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు.

"పాత బ్లాకు తెచ్చి చూపించండి బాబూ, పెడతాను" అన్నాను.

"అది ఇప్పుడు కష్టమండీ. కావాలంటే గ్రూపులో మళ్లీ ఓటింగ్..." అని, ఎదురుగా కూర్చున్న అమ్మాయి మొహం చూసి ఆపేశాడు.

ఇది జరిగాక అతను కోకాపేట వెళ్లి అడిగాడు. మార్పిడిలో పాత ఇంజన్ తీసుకున్నవాడు ఆ బ్లాకుని ఒక తుక్కు లోడుతో పాటు పంపేశానన్నాడు. ఎవరికి పంపాడో మొదట ఒక పేరు చెప్పాడు, తర్వాత ఇంకో పేరు చెప్పాడు. మెకానిక్ తనకేం తెలియదంటున్నాడు.

కారు ఇంకా ఆ షెడ్డులోనే ఉంది. కొత్త ఇంజన్ బాగా లాగుతుందని అంటున్నారు. దరఖాస్తు మా ఫ్రిజ్ మీద ఉంది, సంతకం లేకుండా. పిస్టన్లు డబ్బాతో సహా నా బీరువాలో ఉన్నాయి. అవి పట్టే బ్లాకుని పగలగొట్టారో, కరిగించారో, ఎక్కడైనా అలాగే పడుందో ఈ రోజు వరకు నాకు ఎవరూ చెప్పలేదు.