బయటికి వెళితే మళ్ళీ రాకూడదు

ఆ ఆదివారం వెనక్కి పరుగెడుతుంటే నేల ఎడమవైపుకి వాలినట్టు అనిపించింది. మింగళాడోన్ మైదానం ఎప్పుడూ చదునుగా ఉండదు కాబట్టి తప్పు నేలదే అనుకున్నాను.

మాది యాంగోన్‌లో యాభై దాటినవాళ్ళ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు. ప్రేక్షకులు ఎక్కువగా కుక్కలు. అమెరికాలో ఆ ఆట ప్రొఫెషనల్‌గా మొదలైన రోజుల్లోని ఒక జట్టు గురించి చదివి, వాళ్ళ అలవాట్లు మావాళ్ళకి నేనే అంటించాను. ఆ జట్టు డిఫెన్సివ్ బ్యాక్‌లు, అంటే అందరికంటే వెనక నిలబడి బంతి అందుకోబోయేవాడిని అడ్డుకునేవాళ్ళు, తోలు టోపీతో ఆడేవారు. దెబ్బ తగిలినా మైదానం వదిలేవారు కాదు. ఒకసారి బయటికి వెళితే చాలాసేపు మళ్ళీ రానిచ్చేవారు కాదట. మేం టోపీలు పబేడాన్ బజారులో కుట్టించుకుని, ఆ రూలు కూడా పెట్టుకున్నాం.

మా జట్టు డిఫెన్సివ్ బ్యాక్‌లం నేనూ, నా భార్య తమ్ముడు ఆదీ. అంతకు నెల ముందు ఒకే బంతికి ఇద్దరం ఎగిరాం. 'నాది' అని ఎవరో ఒకరు అరవాలి. ఇద్దరం మర్యాదస్తులం. ఆది తల నా తలకి కుడివైపు గట్టిగా తగిలింది. టోపీకి ఏమీ కాలేదు. కాసేపు కూర్చోమన్నారు గానీ, రూలు గుర్తుచేసి ఆట పూర్తిచేశాను.

తరవాత తలనొప్పి మొదలైంది. నాది కళ్ళజోళ్ళ షాపు. కాబట్టి రోగమేమిటో నేనే తేల్చేసి, అద్దాల పవర్ మార్చుకున్నాను. ఎడమచేతిలోంచి టీ కప్పు జారిపడితే ఇంకోసారి మార్చుకున్నాను.

ఆ ఆదివారం ఆది నా దగ్గరికి వచ్చి ఆగాడు.

"బావా, నా పక్కకి ఒచ్చేస్తన్నావేటి?"

నేల వాలుగా ఉందన్నాను.

"నేల కాదు, నువ్వే. ఎడంకాలు ఈడుస్తన్నావు. ఆసుపత్రికి పద."

ఇప్పుడు వెళితే మళ్ళీ రానివ్వరన్నాను.

"రాకపోతే ఏటి? రేపు అక్కకి నేనేటి సెప్పాలి?"

సీటీ స్కాన్‌లో క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా అని తేలింది. పుర్రె కింద రక్తం మెల్లగా చేరి మెదడుని పక్కకి నెట్టింది, మిడ్‌లైన్ షిఫ్ట్ ఉంది అన్నారు డాక్టరమ్మ. "ఊ రామ్మూర్తీ, ఆస్పిరిన్ వేసుకుంటున్నారా?" అని, బర్మీస్‌లో 'గారు' లాంటి 'ఊ' తగిలించి అడిగారు. ఆస్పిరిన్ రక్తాన్ని గడ్డకట్టనివ్వదట. గుండె కోసం ఏళ్ళ తరబడి వేసుకుంటున్నాను. గుండె బాగానే ఉంది.

ఆ రోజే బర్ హోల్ సర్జరీ చేశారు. పుర్రెకి రెండు రంధ్రాలు పెట్టి, రక్తం బయటికి పోవడానికి డ్రెయిన్ గొట్టం వేశారు. చెయ్యి లేచింది. ఇంటికి పంపారు.

వారం తిరక్కుండానే మాట ముద్దగా వచ్చింది. జోకు వెయ్యబోతే నాలుక తిరగలేదు. నేను జోకు వెయ్యలేదని మా ఆవిడ సరస్వతి భయపడడం అదే మొదటిసారి. మళ్ళీ స్కాన్, మళ్ళీ రక్తం. డాక్టరమ్మ ఈసారి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మళ్ళీ తెరవాలి. మాట, చెయ్యి మునుపటిలా వస్తాయని నేను మాటివ్వలేను."

సరస్వతి నా ఎడమచేతిని తన ఒళ్ళో పెట్టుకుంది. ఆమె పట్టుకున్న సంగతి చూస్తేగానీ నాకు తెలియలేదు.

ఆది నది అవతలి దలా నుంచి ఫెర్రీలో వచ్చాడు. స్ట్రెచర్ పక్కన నడుస్తూ, నా చెవి దగ్గరికి వంగాడు.

"బావా, తప్పు నాది. ఆ యేళ నేను అరవాల్సింది."

కాదని చెప్పడానికి నాకు మాట రాలేదు. తల ఊపడం కూడా ప్రమాదమే అనిపించి ఊరుకున్నాను.

రెండో ఆపరేషన్ అయ్యాక, ఇప్పుడు మాట వచ్చింది. అందరికీ అదంత శుభవార్త కాదు. ఎడమచేతి చిటికెనవేలు ఇంకా ఆలోచించి కదులుతుంది. దెబ్బలు తగిలే ఆటలు జన్మలో వద్దన్నారు. ఆదివారాలు మైదానం గీతకి బయట కూర్చుంటాను. పాత రూలు కొట్టేశాం. తలకి తగిలితే బయటికి రావాల్సిందే, రప్పించేది నేను. మొన్న ఆది తలకి ఎవరిదో మోచెయ్యి తగిలింది. బాగానే ఉన్నానన్నాడు.

"నాది" అని అరిచాను.

గొణుక్కుంటూనే వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

మీకు చెప్పేది ఒకటే. తలకి దెబ్బ తగిలాక బాగున్నారో లేదో మీరు తేల్చకండి. మీ పక్కన ఉండేవాళ్ళని కొన్ని వారాలు మీ నడక, మాట గమనించమనండి. తలనొప్పి పెరిగినా, చెయ్యి తడబడినా ముందు స్కాన్. ఆ తరవాత కూడా కళ్ళజోడు కావాలంటే, నేను షాపులోనే ఉంటాను.